నాస్కా ఎడారి మీద అరగంట

పెరూ ఎడారి నేల మీద ప్రాచీనులు గీసిన నాస్కా గీతల ఫోటోలను పుస్తకాలలోను, ఫోను తెరల మీదను చూసి వెళ్ళినవారికి విమానం కిటికీలోంచి కనిపించే నేల మొదట కాస్త వెలిసిపోయినట్టే అనిపిస్తుంది. గీతలు తెల్లగాను, నేల ముదురుగాను తేలేటట్టు రంగుల తేడాను పెంచిన ఫోటోలే మన దాకా ఎక్కువగా వస్తాయి. అసలు నేల మీద ఆ తేడా స్వల్పమే, అది కూడా ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఒక రకంగా, నడినెత్తికి వచ్చినప్పుడు మరొక రకంగా ఉంటుంది. కన్ను ఆ వెలుతురుకు అలవాటు పడడానికి కొంత సమయం పడుతుంది. మొత్తం ప్రయాణమే అరగంట కాబట్టి ఆ కొంత సమయం తక్కువేమీ కాదు. అలవాటు పడ్డాక నా కంటికి ముందుగా ఆనినవి అందరూ చెప్పుకునే కోతి, సాలీడు, పక్షి బొమ్మలు కావు; వాటి చుట్టూ, వాటి నడుమ, కొన్నిచోట్ల వాటి మీదుగా కూడా సాగిపోయే తిన్నని గీతలు, ఆ గీతలకు అటూ ఇటూ ఎండిపోయిన వాగుల పాయలు. ఇక్కడ నేను రాయదలచుకున్నది ప్రధానంగా ఆ గీతల గురించి, ఆ వాగుల గురించి.

పెరూ రాజధాని లిమాకు దక్షిణంగా దాదాపు 400 కిలోమీటర్ల దూరంలో, పసిఫిక్ తీరానికీ ఆండీస్ పర్వతాలకూ మధ్య, నాస్కా, పాల్పా అనే రెండు ఊళ్ళ నడుమ ఉన్న రాతి మైదానం మీద ఈ చిత్రాలు పరుచుకుని ఉన్నాయి. ఆ మైదానాన్ని అక్కడివారు పంపా అంటారు. యునెస్కో 1994లో ప్రపంచ వారసత్వంగా గుర్తించిన ఈ చిత్రాలు సుమారు 450 చదరపు కిలోమీటర్ల మేర ఉన్నాయి. క్రీస్తుపూర్వం 500 ప్రాంతం నుంచి క్రీస్తుశకం 500 ప్రాంతం వరకు, అంటే దాదాపు వెయ్యేళ్ళ పాటు, ముందు పరాకస్ సంస్కృతికి చెందినవారు, తరువాత నాస్కా సంస్కృతికి చెందినవారు వీటిని గీస్తూ వచ్చారు. గీశారని అనడమే గాని, నిజానికి అక్కడ జరిగిన పని ఏరివేత. ఆ మైదానం పైపొర అంతా ఇనుము, మాంగనీసు ఆక్సైడ్ల పూత పట్టి ముదురు గోధుమ రంగుకు తిరిగిన గులకరాళ్ళు. వాటిని ఏరి పక్కకు పేర్చితే అడుగున లేత పసుపు రంగు మట్టి బయటపడుతుంది. పది నుంచి ముప్పై సెంటీమీటర్ల లోతున్న ఆ చాలే గీత, ఏరిన రాళ్ళతో ఏర్పడిన చిన్న గట్టే దాని అంచు. వాన దాదాపు పడని చోటు కావడం, మట్టిలోని సున్నం తెల్లవారుజాము తేమకు గట్టిపడడం, ఎండకు కాగిన రాళ్ళ వల్ల నేలను ఆనుకున్న గాలి ఇసుకను ఎక్కువగా ఈడ్చుకురాకపోవడం అనే మూడు కారణాల వల్ల ఆ గీతలు ఇన్ని శతాబ్దాలు నిలిచాయి.

లిమా నుంచి నాస్కాకు బస్సులో ఏడు గంటల పైనే పడుతుంది. పాన్ అమెరికన్ రహదారి చాలా దూరం సముద్రం పక్కనే సాగి, ఇకా పట్టణం దగ్గర లోపలికి తిరుగుతుంది. ఇకా చుట్టుపక్కల ఇసుక దిబ్బల మధ్య ఉన్నట్టుండి ద్రాక్షతోటలు, ఎగుమతి కోసం పండించే ఆస్పరాగస్ పొలాలు ఎదురవుతాయి. ఆ పచ్చదనంలో చాలా భాగం భూగర్భజలాల మీద ఆధారపడినదే. అక్కడ నీటిమట్టం ఏటికేడు పడిపోతోందన్నది పెరూలో బాగా తెలిసిన సమస్య. నాతో మా అక్క, బావగారు వచ్చారు. మేము ముగ్గురమూ అనంతపురం జిల్లాలో పెరిగినవాళ్ళం. మా జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, దాన్నే మేము కరువు అనుకుంటూ పెరిగాం. నాస్కాలో ఏడాది మొత్తానికి పడేది కొద్ది మిల్లీమీటర్లు. బస్సు కిటికీలోంచి చూస్తూ మా అక్క, "ఇంత ఎండిన నేలలో మనుషులు ఎట్ల బతికినార్రా?" అని అడిగింది. నాస్కాను అర్థం చేసుకోవడానికి అంతకంటే మంచి ప్రశ్న లేదని ఇప్పటికీ నా అభిప్రాయం, ఎందుకంటే ఈ చిత్రాలను ఎవరు గీశారు, ఎలా గీశారు అనే ప్రశ్నలకన్నా ఆ ప్రశ్నే పరిశోధకులను ఎక్కువ దూరం తీసుకువెళ్ళింది.

ఊరి పక్కనే ఉన్న చిన్న విమానాశ్రయానికి మరియా రైషే పేరు పెట్టారు. ఆమె ఎవరో తరువాత చెబుతాను. అక్కడ పాస్‌పోర్టు చూశాక ఒక్కొక్కరినీ తూకం వేస్తారు. ఒంటి ఇంజను సెస్నా విమానంలో బరువు రెండువైపులా సమంగా పడాలి కాబట్టి, ఎవరు ఏ సీటులో కూర్చోవాలన్నది మన ఇష్టం కాదు, తూకం నిర్ణయిస్తుంది. ముందు ఇద్దరు పైలట్లు, వెనక మేము కొద్దిమందిమి. ఇది భయం లేని ప్రయాణమని చెప్పలేను. 2010లో ఇక్కడ జరిగిన ప్రమాదాల తరువాత నిబంధనలు కఠినతరమయ్యాయి, అయినా 2022 ఫిబ్రవరిలో మరొక చిన్న విమానం కూలి ఏడుగురు మరణించారు. ఆ సంగతి తెలిసే ఎక్కాం. తెలియని వారికి చెప్పి ఎక్కించడం ధర్మమని మాత్రం అనుకుంటాను.

ఈ విమానాలకు రెక్క పైభాగాన ఉంటుంది, కాబట్టి కిటికీకి అడ్డం రాదు. చిత్రం దగ్గరకు రాగానే పైలట్ విమానాన్ని ఒక పక్కకు బాగా వాల్చి, రెక్క కొసను చిత్రానికి గురిపెట్టినట్టుగా దాని చుట్టూ తిప్పుతాడు. కుడివైపు వారికి చూపించాక మళ్ళీ వెనక్కి వచ్చి ఎడమవైపు వారికి చూపిస్తాడు. చెవులకు పెట్టిన హెడ్‌ఫోన్లలో "రెక్క కింద చూడండి, రెక్క కొస కింద" అన్న మాట ఇంగ్లీషులోను, స్పానిష్‌లోను పదేపదే వినిపిస్తుంది. ప్రతి చిత్రానికీ రెండేసి సార్లు ఇలా వాలడం వల్ల కడుపులో తిప్పడం సహజం. ఖాళీ కడుపుతో రమ్మని ముందే చెబుతారు, ఆ మాట వినాలి. బావగారు కోతి దాటాక కళ్ళు మూసుకున్నవారు మళ్ళీ రన్‌వే మీద చక్రాలు ఆనాకే తెరిచారు.

ముందుగా తిమింగలం కనిపించింది, అది కూడా చుట్టూ ఉన్న గీతల వలలో చిక్కుకున్నట్టు. తరువాత ఒక గుట్ట వాలు మీద, గుండ్రటి కళ్ళతో ఒక చేయి ఎత్తి నిలబడిన సుమారు ముప్పై మీటర్ల మనిషి బొమ్మ. పర్యాటకుల కరపత్రాలలో దానికి 'వ్యోమగామి' అన్న పేరు స్థిరపడిపోయింది, కాని ఆ కళ్ళను చూస్తే గుడ్లగూబ మనిషి అన్న రెండో పేరే నాకు సరిగా తోచింది. అది వాలు మీద ఉండడం వల్ల కింద నిలబడినవారికి కూడా కనిపిస్తుందన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి, దాని అవసరం తరువాత వస్తుంది. కోతి 90 మీటర్లకు పైగా పొడవు. తోక చుట్టలు చుట్టుకుని, ఒక చేతికి నాలుగు వేళ్ళు, మరొక చేతికి అయిదు. కాండర్ రాబందు దాదాపు 135 మీటర్లు, సాలీడు సుమారు 46 మీటర్లు. పైనుంచి చూస్తే సాలీడే అన్నిటికన్నా నేర్పుగా గీసినదని నాకనిపించింది, దాని కాళ్ళ వంపులలో ఎక్కడా తడబాటు లేదు. కొంగ మెడ మెలికలు తిరుగుతూ ఎంతో దూరం సాగుతుంది. హమ్మింగ్‌బర్డ్ సుమారు 95 మీటర్ల పొడవున, ముక్కు కొస ఒక తిన్నని గీతల గుంపును తాకేటట్టు ఉంటుంది.

ఈ జంతువులలో చాలా వాటికి ఎడారితో సంబంధం లేదు. కోతి ఆండీస్‌కు అవతలి అడవులది. పక్షి బొమ్మల ముక్కులను, తోకలను, కాళ్ళను నిజమైన పక్షులతో పోల్చి చూసిన జపాన్ పరిశోధకులు, హమ్మింగ్‌బర్డ్‌గా పేరుపడిన ఆ బొమ్మ అడవుల్లో ఉండే హెర్మిట్ అనే రకానిదని, మరికొన్ని సముద్రతీరపు పెలికాన్లని 2019లో తేల్చారు. నీరు పుష్కలంగా ఉన్న అడవి ఒకవైపు, సముద్రం మరొకవైపు, ఆ రెండిటి ప్రాణులూ మధ్యనున్న ఎండునేల మీద గీసి ఉన్నాయన్నమాట.

పైలట్ ఒక బొమ్మ నుంచి మరొక బొమ్మకు వెళ్ళే నిమిషాలలో హెడ్‌ఫోన్లు మౌనంగా ఉంటాయి. నిజంగా చూడవలసినవి ఆ నిమిషాలలోనే కనిపిస్తాయి. పాత లెక్కల ప్రకారం ఈ మైదానంలో తిన్నని గీతలు 800కు పైగా, త్రిభుజాలు, సమలంబ చతుర్భుజాలు, సర్పిలాలు వంటి ఆకారాలు 300 దాకా ఉండగా, జంతువులు, మొక్కలు 70 మాత్రమే. అంటే పోస్టుకార్డులలో అచ్చయ్యేది ఆ మొత్తంలో చిన్న భాగం. గీతలు గుట్టలను, చిన్న వాగులను లెక్కచేయకుండా కిలోమీటర్ల కొద్దీ తిన్నగా పోతాయి. సమలంబ చతుర్భుజాలు ఒక కొసన సన్నగా మొదలై మరొక కొసకు వచ్చేసరికి మైదానమంత వెడల్పవుతాయి. వాటిని విమానాలు దిగే రన్‌వేలుగా ఊహించినవారు ఎందుకలా ఊహించారో పైనుంచి చూస్తే అర్థమవుతుంది, అయితే అదే చూపును కాస్త పక్కకు తిప్పితే అవి వేటి పక్కన ఉన్నాయో కూడా అర్థమవుతుంది. ఒక పక్క నదీలోయలో సన్నని పచ్చని పొలాల పట్టీ, దాని అంచునే నిటారుగా లేచే గోధుమరంగు మైదానం, ఆ మైదానం మీద ఎప్పుడో పారి ఎండిన నీటి చారలు చెట్టు కొమ్మల్లా చీలి ఉండడం, ఆ చారల మధ్య ద్వీపాలలా మిగిలిన మెరకల మీద ఈ గీతలు. నీటి జాడ లేని చోట నీరు వదిలిన గుర్తులు తప్ప మరేమీ లేని నేల అది.

ఈ గీతలను మొదట శాస్త్రీయంగా గమనించిన పురావస్తువేత్త విమానం ఎక్కలేదు. పెరూకు చెందిన టొరీబియో మెహియా షెస్పె 1920ల చివరలో కాలినడకన వచ్చి, ఒక గుట్ట ఎక్కి వీటిని చూశాడు. 1939లో లిమాలో జరిగిన సదస్సులో ఆయన సమర్పించిన పత్రం విషయం నాస్కా లోయలోని ప్రాచీన జలసొరంగాలు, ప్రాచీన మార్గాలు. ఆయన దృష్టిలో ఈ గీతలు క్రతువుల కోసం మనుషులు నడిచిన దారులు. నీటినీ నడకనూ ఒకే పత్రంలో పక్కపక్కన పెట్టిన ఆ ఆలోచనను తరువాతి ముప్పై నలభై ఏళ్ళు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, ఈ లోగా విమానాలు వచ్చాయి, పైనుంచి తీసిన ఫోటోలు వచ్చాయి, జనం దృష్టి ఆకాశానికి మళ్ళింది.

ఆ మళ్ళింపుకు కారణమైనవాడు కూడా నీటి కోసమే వచ్చాడన్నది నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా ఆసక్తి కలిగించిన సంగతి. అమెరికాకు చెందిన చరిత్రకారుడు పాల్ కోసోక్ పెరూ తీరంలోని ప్రాచీన నీటిపారుదల కాలువలను పరిశీలించడానికి వచ్చాడు. 1941 జూన్ 22న, అంటే దక్షిణార్ధగోళంలో చలికాలపు అయనాంతం మరునాడు, ఆయన ఒక గీత మీద నిలబడి ఉండగా సూర్యుడు సరిగ్గా ఆ గీత కొసన అస్తమించాడు. దానితో ఆయన ఈ మైదానాన్ని ప్రపంచంలోకెల్లా పెద్ద ఖగోళశాస్త్ర గ్రంథమని వర్ణించాడు. కాలువలు వెతకడానికి వచ్చినవాడికి ఒక సాయంకాలం సూర్యుడు చూపిన దారి, మరియా రైషే జీవితాన్ని మొత్తం మలుపు తిప్పింది.

రైషే 1903లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో పుట్టి, గణితం చదువుకుని, 1932లో కుస్కోలో ఒక కుటుంబంలోని పిల్లలకు చదువు చెప్పడానికి పెరూ వచ్చింది. కోసోక్‌కు సహాయకురాలిగా మొదలైన పనిని 1998లో మరణించే దాకా వదలలేదు. చీపురు పట్టుకుని గీతల మీది దుమ్మును, రాలిన రాళ్ళను ఊడ్చుకుంటూ, కొలతలు తీసుకుంటూ ఎడారిలో ఒంటరిగా తిరిగే ఆమెను చూసి మొదట్లో స్థానికులు ఏమనుకుని ఉంటారో ఊహించుకోవచ్చు. వంపులను తాళ్ళు, గూటాల సహాయంతో వృత్తఖండాలుగా గీసి ఉంటారని ఆమె కొలతలతో చూపడానికి ప్రయత్నించింది. కొన్ని గీతల కొసల్లో కర్ర గూటాలు నిజంగానే దొరికాయి, వాటిలో ఒకదానికి రేడియోకార్బన్ పరీక్ష ఇచ్చిన కాలం క్రీస్తుశకం ఆరో శతాబ్దం దరిదాపు. ఈ గీతలు ఖగోళ పంచాంగమన్న ఆమె సిద్ధాంతాన్ని నేను అంగీకరించలేను, కాని ఆమె లేకపోతే మనం చర్చించుకోవడానికి ఆ గీతలలో చాలా భాగం మిగిలి ఉండేది కాదన్న విషయంలో సందేహం లేదు. రహదారి పక్కన 1976లో నిలబెట్టిన ఇనుప గోపురం కూడా ఆమె చలవే. పర్యాటకులు గీతలను తొక్కకుండా చూసిపోవాలన్నది ఉద్దేశం.

ఖగోళ సిద్ధాంతాన్ని లెక్కలతో పరీక్షించినవాడు ఖగోళశాస్త్రజ్ఞుడు జెరాల్డ్ హాకిన్స్. ఇంగ్లండులోని ప్రాచీన రాతి వలయం స్టోన్‌హెంజ్‌ను పరిశీలించిన అనుభవంతో ఆయన 1968లో వచ్చి, గీతల దిశలను సూర్యచంద్ర నక్షత్రాల స్థానాలతో కంప్యూటర్‌లో సరిపోల్చాడు. యాదృచ్ఛికంగా ఎన్ని కలవాలో అన్నే కలిశాయి. వందల గీతలు అన్ని దిక్కులకూ పోతున్నప్పుడు ఏదో ఒకటి ఏదో ఒక రోజు సూర్యాస్తమయానికి ఎదురుగా ఉండడంలో వింత లేదు.

గ్రహాంతరవాసుల కథను ఎక్కువసేపు మాట్లాడుకోవలసిన పని లేదు. ఆకాశం నుంచి చూస్తేనే కనిపిస్తాయి గనుక ఆకాశంలోనివారి కోసమే గీశారన్నది ఆ వాదం. గుట్టల మీది బొమ్మలు కిందనుంచే కనిపిస్తాయి, మైదానంలోనివి చుట్టూ ఉన్న మెరకల మీదనుంచి కొంతవరకు కనిపిస్తాయి, మెహియా షెస్పె చూసింది అలాగే. గీయడానికి కూడా పైనుంచి చూసి చెప్పేవారి అవసరం లేదు. 1982లో అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో జో నికెల్ అనే పరిశోధకుడు కొద్దిమంది బంధువులను వెంటబెట్టుకుని, తాళ్ళు, కర్రలతోనే కాండర్ రాబందు బొమ్మను పూర్తి పరిమాణంలో ఒక మైదానంలో గీసి చూపించాడు. ఈ వాదంలో నన్ను నొప్పించేది అందులోని అశాస్త్రీయత ఒక్కటే కాదు. ఎడారిలో వెయ్యేళ్ళు వ్యవసాయం చేసి, అద్భుతమైన రంగుల కుండలు చేసి, బట్టలు నేసిన జనం తాళ్ళతో ఒక తిన్నని గీత గీయలేరని అనుకోవడంలో ఒక చిన్నచూపు ఉంది.

1980లలో అమెరికా పరిశోధకుడు ఆంథొనీ అవేని బృందం మళ్ళీ నేల మీదికి దిగి, గీతల వెంబడి నడిచింది. చాలా గీతలు కొన్ని గుట్టల దగ్గర నుంచి కిరణాల్లా విడిపోతున్నాయని, అటువంటి కేంద్రాలు 60కి పైగా ఉన్నాయని, ఆ గుట్టలు ఎక్కువగా కొండల నుంచి నీరు మైదానంలోకి దిగే చోట్ల, నదుల అంచులలో ఉన్నాయని వారు గమనించారు. సమలంబ చతుర్భుజాలలో చాలా వాటి దిశ నీరు పారే దిశతో కలుస్తోంది. పాల్పా వైపు జర్మన్ పురావస్తువేత్త మార్కుస్ రైండెల్ బృందం జరిపిన తవ్వకాలలో ఆ చతుర్భుజాల కొసన ఉన్న రాతి వేదికల మీద స్పాండిలస్ అనే ముళ్ళ గవ్వల ముక్కలు దొరికాయి. ఆ గవ్వ పెరూ దక్షిణ తీరపు చల్లని నీటిలో పుట్టదు, ఉత్తరాన ఎక్వడార్ వైపు వెచ్చని సముద్రం నుంచి రావాలి. సముద్రం వేడెక్కిన ఏడాది వానలు పడతాయని తెలిసిన ఆండీస్ జనానికి అది వానకు, నీటికి గుర్తు. గీతల వెంబడి పగిలిన కుండల పెంకులు కూడా దొరుకుతూనే ఉన్నాయి, వాటిని అక్కడికి తెచ్చి కావాలనే పగలగొట్టారని పరిశోధకుల అభిప్రాయం.

వానలు పడకపోతే ఊరు ఏమి చేస్తుందో మాకు ఎవరూ చెప్పనక్కరలేదు. మా వైపు వరుసగా కరువు వచ్చిన ఏడాది గుడిలో విరాటపర్వం చదివిస్తారు, చదివినంతసేపూ ఊరంతా వచ్చి కూర్చుంటుంది. ఆ చదువుకు వాన పడుతుందా లేదా అన్నది వేరే ప్రశ్న, కాని ఊరు ఒకచోట చేరి ఒక పనిని కలిసి చేయడం దానిలో పెద్ద భాగం. నాస్కా గీతలు నడవడానికి గీసినవని అనుకుంటే, హమ్మింగ్‌బర్డ్ లాంటి బొమ్మను ఎక్కడా తెగని, తననుతాను దాటని ఒకే గీతతో ఎందుకు గీశారో తెలిసిపోతుంది: ఒక చోట లోపలికి అడుగుపెట్టి, బొమ్మ మొత్తం చుట్టి, మరొక చోట బయటికి రావచ్చు. నడిచేవారికి ఆ బొమ్మ పైనుంచి కనపడవలసిన అవసరమే లేదు, తాము ఏ ప్రాణి ఒంటి మీద నడుస్తున్నారో వారికి తెలుసు. మైదానానికి దక్షిణాన నాస్కా నది ఒడ్డున కవాచి అనే చోట మట్టి ఇటుకల పిరమిడ్లు ఉన్నాయి. అక్కడ స్థిరనివాసం ఉన్న జనం తక్కువని, అది యాత్రాస్థలంగా ఉండేదని తవ్వకాలు చెబుతున్నాయి.

ఈ నడక సంగతిని ఈమధ్య బలపరిచినది కృత్రిమ మేధ కావడం విచిత్రం. జపాన్‌లోని యమగాటా విశ్వవిద్యాలయానికి చెందిన మసాటో సకాయి బృందం ఐబీఎం సహకారంతో వైమానిక ఫోటోలను కంప్యూటర్‌కు ఇచ్చి వెతికించి, తరువాత స్వయంగా వెళ్ళి చూసి, 303 కొత్త బొమ్మలను గుర్తించినట్టు 2024లో ప్రకటించింది. అంతకు ముందు ఎన్నో దశాబ్దాలలో దొరికిన బొమ్మల సంఖ్యను ఆరు నెలల సర్వే దాదాపు రెట్టింపు చేసింది. ఆ కొత్త వాటిలో ఎక్కువ భాగం సగటున తొమ్మిది మీటర్ల చిన్న బొమ్మలు, రాళ్ళను కుప్పపోసి ఉబ్బెత్తుగా చేసినవి. వాటిలో మనుషులు, నరికిన తలలు, పెంపుడు లామాలు ఎక్కువ. అవి కాలిబాటల పక్కన, నడిచిపోయేవారికి కనిపించేటట్టు ఉన్నాయి. సగటున తొంభై మీటర్లుండే పెద్ద గీతల బొమ్మలలో అడవి జంతువులు ఎక్కువ, అవి తిన్నని గీతల, చతుర్భుజాల దారులను అంటిపెట్టుకుని ఉన్నాయి. చిన్నవి ఒకరిద్దరు దారిలో పోతూ చూసేందుకు, పెద్దవి సమూహాలు క్రతువులు జరుపుకునేందుకు అని సకాయి బృందం వివరణ. మెహియా షెస్పె గుట్ట ఎక్కి చూసి చెప్పిన మాటకు దాదాపు వందేళ్ళకు మళ్ళీ వచ్చాం.

మా అక్క అడిగిన ప్రశ్నకు జవాబు విమానంలో కాక మరునాడు కంతయోక్ దగ్గర దొరికింది. నాస్కా ఊరికి కొద్ది కిలోమీటర్ల దూరంలో పొలాల మధ్య నేలలోకి దిగే రాతి సుళ్ళు వరుసగా ఉన్నాయి. ఒక్కొక్కటి పైన వెడల్పుగా, కిందికి పోయేకొద్దీ సన్నగా, చుట్టూ తిరిగే మెట్టు బాటతో ఉంటుంది. వీటిని కన్నులు అంటారు, ఈ మొత్తం ఏర్పాటును పుకియో అంటారు. నాస్కా నదులు కొండల నుంచి దిగి, మధ్య దారిలో ఇసుకలోకి ఇంకిపోయి, కొంత దూరం భూమి లోపలే పారతాయి. ఆ అడుగు నీటిని రాతి సొరంగంతో పట్టి, వాలు ఆధారంగానే చెరువులలోకి, పొలాలలోకి తెచ్చే పద్ధతి పుకియో. కన్నుల గుండా గాలి లోపలికి వెళుతుంది, మనుషులు దిగి పూడిక తీస్తారు. వీటిని స్పానిష్‌వారు వచ్చాక కట్టారని వాదించేవారు ఉన్నారు గాని, నాస్కా కాలానివేనని ఎక్కువమంది అభిప్రాయం. ముప్పైకి పైగా పుకియోలు ఇప్పటికీ పనిచేస్తున్నాయి. మేము అడుగు దాకా దిగి చూస్తే నీరు కాలి మడమల లోతున, చప్పుడుతో పారుతోంది, చల్లగా ఉంది. బావగారు విమానం గురించి అంతవరకు ఒక్క మంచి మాట అనలేదు, ఇక్కడ మాత్రం చాలాసేపు కదలలేదు. బోర్లు ఎండిపోవడం చూసిన రైతు కుటుంబం వారిది.

గీతల మీద మనుషులు చేసిన గాయాలు పైనుంచి గీతల కన్నా స్పష్టంగా కనిపిస్తాయి. పాన్ అమెరికన్ రహదారి దాదాపు 180 మీటర్ల బల్లి బొమ్మను నడుముకు అడ్డంగా కోసుకుంటూ పోయింది. రహదారి వేసినవారికి అక్కడ బల్లి ఉందనే తెలియదు. ఎప్పటెప్పటివో వాహనాల చక్రాల జాడలు మైదానం నిండా ఉన్నాయి, వాన లేని చోట గీతను కాపాడినదే టైరు జాడనూ కాపాడుతుంది. 2014 డిసెంబరులో గ్రీన్‌పీస్ కార్యకర్తలు వాతావరణ సదస్సు దృష్టిని ఆకర్షించడానికి హమ్మింగ్‌బర్డ్ పక్కన పసుపు గుడ్డ అక్షరాలు పరిచి, తమ అడుగుల గుర్తులను అక్కడ వదిలి వెళ్ళారు. 2018 జనవరిలో ఒక లారీ రహదారి దిగి కొన్ని గీతల మీదుగా పోయింది. 2025లో పెరూ ప్రభుత్వం రక్షిత ప్రాంతాన్ని సుమారు 5,600 చదరపు కిలోమీటర్ల నుంచి 3,200కు తగ్గించింది. అనధికారిక గనుల తవ్వకానికి తలుపు తెరిచినట్టవుతుందని పురావస్తువేత్తలు అభ్యంతరం చెప్పడంతో కొద్ది రోజుల్లోనే ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. ఒక చదరపు కిలోమీటరులో ఏముందో ఇంకా పూర్తిగా వెతకని చోట కొత్త హద్దు అవతల ఏమీ లేదని నిర్ణయించడం తొందరపాటే.

వెళ్ళదలచుకున్నవారికి నా సలహా ఏమంటే విమానాన్ని చివరికి ఉంచుకోండి. ముందు కంతయోక్ చూసి, వీలైతే కవాచి చూసి, రహదారి పక్కన గోపురం ఎక్కి చేతులు, చెట్టు బొమ్మలను దగ్గరగా చూసి, ఒక గీత వాస్తవంగా ఎంత వెడల్పు, ఎంత లోతు ఉంటుందో కంటికి పట్టించుకుని, ఆ తరువాత విమానం ఎక్కితే పైలట్ చూపించని వాటిని కూడా మీరే పోల్చుకోగలుగుతారు. ఉదయంపూట గాలి నెమ్మదిగా ఉంటుంది కాబట్టి కుదుపులు తక్కువ, కాని పొగమంచు విడవక తొలి విమానాలు ఒక్కోసారి గంటల తరబడి ఆగిపోతాయి. పాస్‌పోర్టు చేతిలో ఉండాలి, విమానాశ్రయపు రుసుము టికెట్టుతో కలవదు, దాన్ని అక్కడే పెరూ కరెన్సీలో కట్టాలి. అదే రోజు మధ్యాహ్నం లిమాకు బస్సు టికెట్టు మాత్రం కొనుక్కోకండి.